నాలుగో గవ్వ

మా అత్తగారూ, ఆవిడ తోడికోడలు పెద్దత్తగారూ ఆరేళ్లుగా మాట్లాడుకోరు. ఉండేది ఒకే ఇంట్లో. నరసాపురంలో మా కిరాణా షాపు వెనకే ఇల్లు. ముందు వాటాలో మేం, పెరటి వాటాలో పెద్దత్తగారు. గొడవ ఒక ఇత్తడి గంగాళం దగ్గర మొదలైందట. ఆ గంగాళం ఏమైందో ఇద్దరికీ గుర్తులేదు. కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

అయినా రోజూ మధ్యాహ్నం మూడింటికి నడవలో ఎదురెదురుగా కూర్చుని అష్టాచెమ్మా ఆడేవారు. గవ్వలు విసరడం, "రెండు", "ఎనిమిది" అనడం, కాయ జరపడం, అంతే. ఇద్దరి మధ్యా మిగిలిన మాటలు ఆ అంకెలే. పెద్దత్తగారికి భర్త పోయారు, పిల్లల్లేరు. ఆ గంటన్నర కోసం తప్ప ఆవిడ ముందు వాటాలో అడుగుపెట్టేవారు కాదు.

అలాంటి ఇంట్లో నేను నాలుగు గవ్వల్లో ఒకదాన్ని పోగొట్టాను. ఊడ్చి చెత్తబండిలో వేసేసుంటానని తేల్చారు. నేనూ కాదనలేదు. నా చీపురు ఊపు అలాంటిది, కొవ్వూరులో మా అమ్మ కూడా అదే అనేది.

ఆట ఆగిపోయింది. పెద్దత్తగారు రావడం మానేశారు. పదిహేనో రోజున కాఫీ పట్టుకెళ్తే, మంచం మీద బ్యాగు తెరిచి చీరలు సర్దుకుంటున్నారు.

"ఆత్రేయపురం, మా తమ్ముడింటికి వెళ్ళిపోతానమ్మాయ్. ఇక్కడ నాతో ఎవరికేం పనుంది?" అన్నారు.

తప్పు చేసింది నేను, ఇల్లు వదిలేది ఆవిడానా? వచ్చే ఆదివారం దాకా ఆగమని బతిమాలాను.

మా ఆయన ఫోన్‌లో వంద గవ్వల ప్యాకెట్ చూపించారు. అత్తగార్లిద్దరూ విడివిడిగా ఒకే మాట అన్నారు. ఆ నాలుగూ వాళ్ళ అత్తగారు సముద్రం ఒడ్డున ఏరి తెచ్చినవట, పోయినదానికి బదులు కూడా అక్కణ్ణించే రావాలట, కొన్న గవ్వ చెప్పినమాట వినదట. సరే అని ఆదివారం షాపు కట్టేసి ఆటో మాట్లాడాం. వెనక సీట్లో ఈ చివర అత్తగారు, ఆ చివర పెద్దత్తగారు, మధ్యలో నేను.

ఇంత దగ్గర్లో సముద్రం ఉన్నా మేం వెళ్ళడం తక్కువే. కోడిగుడ్డు గడప దాటనివ్వని ఇల్లు మాది. సముద్రంలో దొరికేవాటిలో మాకు తెలిసింది ఉప్పు ఒక్కటే. అందుకని ఒడ్డున గుండ్రంగా, గట్టిగా ఏది కనిపించినా మావాళ్ళు గవ్వే అనుకున్నారు. అత్తగారు పూలసజ్జలోకి, పెద్దత్తగారు స్టీలు క్యారియర్‌లోకి, ఒకరికొకరు వీపు పెట్టి ఏరారు. అసలు గవ్వ ఒక్కటీ దొరకలేదు. శంఖంలా మెలితిరిగిన చిన్న చిన్న గుల్లలు మాత్రం బోలెడు.

చేపల తట్టతో వెళ్తున్న ఒకావిడ ఆగి సజ్జలోకి చూసింది.

"ఏం చేసుకుంటారండీ వీటిని?"

"ఆడుకుంటాం" అన్నారు అత్తగారు.

ఆవిడ మా అందరినీ ఓసారి చూసి, "జాగ్రత్తండీ" అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఇద్దరూ ఎవరి గుల్లలు వాళ్ళు పసుపునీళ్ళతో కడిగి, ఎవరి పళ్ళెంలో వాళ్ళు పెరటి అరుగు మీద ఆరబెట్టారు. లెక్కపెట్టే ఆరబెట్టారు, వ్యాపారస్తుల ఇల్లు కదా.

తెల్లారేసరికి రెండు పళ్ళేలూ సగానికి సగం ఖాళీ.

"అక్కయ్యా, నా గవ్వలు తీశావా?"

అత్తగారి గొంతు. సూటిగా ఆవిడకే. నా చేతిలో పాలగిన్నె అలాగే ఉండిపోయింది.

"నీ గవ్వలు నాకెందుకే? నావీ తగ్గాయి. గంగాళం నొక్కేసినట్టే ఇవీ నొక్కేశావా?"

"గంగాళం నేను నొక్కేశానా? మతుండే మాట్లాడుతున్నావా?"

అమ్మయ్య! ఆరేళ్ల బాకీ అంతా అరగంటలో తిట్టుకున్నారు. నేను అడ్డం వెళ్ళలేదు. వెళ్దామన్న మా ఆయన్నీ చెయ్యి పట్టుకుని ఆపాను. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడే తులసికోట వెనకనుంచి ఒక గుల్ల నడుచుకుంటూ వచ్చింది. దాని కింద కాళ్ళున్నాయి. లోపల పీత. ఇంకోటి పెద్దత్తగారి చెప్పులోంచి బయటికొచ్చింది.

"ఓరి నాయనోయ్, బతికున్నాయే!" అంటూ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒకే కుర్చీ ఎక్కారు. కుర్చీ ప్లాస్టిక్‌ది, పాపం, తట్టుకుంది.

పీతల్ని బకెట్లో వేసి సముద్రానికి తిరిగి పట్టుకెళ్ళాం. ఈసారి ఆటోలో వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, దెబ్బలాడుకోవడానికి వీలుగా. నన్ను చివరికి నెట్టేశారు.

నాలుగో గవ్వ బదులు పెద్దత్తగారు ఒక చింతపిక్కని నేలకేసి సగానికి అరగదీశారు. ఈ పని మొదటిరోజే చెయ్యొచ్చు, ఎవరికీ తోచలేదు. ఆ పిక్క సరిగ్గా పడదు, ఓరగా వాలుతుంది. ప్రతి పందేనికీ తగువే. "అది ఎనిమిదెలా అవుతుందే, కళ్ళజోడు పెట్టుకో!" "నువ్వే పెట్టుకో అక్కయ్యా!" షాపులో కూర్చున్న మా ఆయనకీ వినిపిస్తుంది. ఆత్రేయపురం బ్యాగు నేనే అటక మీద పెట్టాను.

నెలయ్యాక బియ్యం డ్రమ్ము జరిపితే, వెనకాల గోడవార పోయిన గవ్వ దొరికింది. కొంగుతో తుడిచాను. నడవలో తగువు వినిపిస్తూనే ఉంది.

గవ్వ తీసుకెళ్ళి బీరువా లాకర్లో, పుట్టింటివాళ్ళు పెట్టిన గాజుల పక్కన పెట్టి తాళం వేశాను.