సుభద్రక్కయ్య అడిగిన లెక్క

సుభద్రక్కయ్య ఇక లేదన్న వార్త మంగళవారం ఉదయం ఆఫీస్ పార్కింగ్‌లో కారులో ఉండగా ఫోన్‌లో వాళ్ళాయన మూర్తిగారి నోట విన్నాను. కొన్ని వారాలుగా భయపడుతున్న వార్తే. అయినా ఇంజన్ ఆపకుండా ఎంతసేపలా కూర్చుండిపోయానో తెలియదు. నాలుగు మాటలు రాయమని ఇక్కడ అమెరికాలో మా అరోరా ఊళ్ళోని తెలుగు మిత్రులు అడిగారు. పరిపూర్ణ జీవితం, ప్రశాంత నిర్యాణం అని రాయడం నాకు చేతకాదు. ఆవిడ ప్రశాంతంగా పోలేదు. నేనూ ప్రశాంతంగా లేను.

అక్కయ్య మూడు దశాబ్దాలు మందుల పరిశోధనశాలలో పనిచేసి రిటైరైన రసాయన శాస్త్రవేత్త. నిశితదృష్టి, నిర్మొహమాటం ఆవిడ సహజాభరణాలు. బరువు తగ్గకపోతే షుగర్ ఖాయమని డాక్టరు హెచ్చరించాక చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టింది, ఫోన్‌లో కేలరీల యాప్ పెట్టింది. ఆ యాప్‌కి పిజ్జా తెలుసు గానీ గోంగూర పప్పు తెలియదు. అక్కయ్య ఊరుకుంటుందా? కందిపప్పు దగ్గర్నుంచి పోపులో నూనె దాకా తూచి, గరిటెకెంతో తేల్చి, మన వంటలన్నీ అందులో ఎక్కించింది. శనివారాలు కలిసి నడిచే మా నలుగురికీ ఆ అంకెలే ప్రమాణం.

తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో ఓసారి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న తూకం తీసి గుత్తివంకాయ దానిమీద పెట్టింది.

"ఏంటి సుభద్రగారూ, మా కూర మీద నమ్మకం లేదా?" అంది ఇంటావిడ.

"కూర మీద ఉందమ్మా, నా మీదే లేదు. నోరు తిన్నది మర్చిపోతుంది, తూకం మర్చిపోదు."

"అయితే ఇదీ తూచండి," అంటూ ఆవిడ ఇంకో వంకాయ వడ్డించింది.

నిరుటి వసంతంలో అక్కయ్య బరువు గబగబా తగ్గింది. మా అమ్మల కాలంలో "చిక్కిపోయావేమే" అంటే ఆ గొంతులో కంగారుండేది. మేం అదే మాటని అభినందనగా వాడాం. ప్రతి పార్టీలోనూ ఆవిడ చుట్టూ చేరి రహస్యం చెప్పమన్నాం.

పార్కులో నడుస్తూ ఓరోజు ఫోన్ నా ముందు పెట్టింది. "తిండి మారలేదు విజయా, నడకా మారలేదు. ఇంత తగ్గకూడదు. లెక్క కుదరట్లేదు."

"తగ్గినా కంప్లైంటేనా? ఆ వాచీ పాడైపోయుంటుంది, కొత్తది కొనుక్కో. లేదా ఆ అదృష్టమేదో నాకిచ్చెయ్."

నాతో ఏ వాదనా వదలని మనిషి. "అంతేనంటావా," అని ఊరుకుంది.

కొత్త వాచీ కొంది. దాన్నీ మూడు నెలలు నమ్మింది. క్లోమంలో క్యాన్సర్ బయటపడేసరికి అది కాలేయం దాకా పాకింది. ముందే వచ్చినా తేడా ఉండేది కాదేమో అన్నాడట డాక్టరు. ఆ 'ఏమో' మా ఇంట్లోనే మకాం పెట్టింది. అన్నం కలుపుతుంటే ఎదుట కూర్చుంటుంది. అంత్యక్రియల నాడు మూర్తిగారు నాతో నిష్కల్మషంగా అన్నారు: "డాక్టర్ దగ్గరికెళ్దామని నేనంటే, 'విజయ చెప్పింది, వాచీదే తప్పట' అందమ్మా." తల ఊపాను.

ఆఖరి వారం ఆస్పత్రిలో రెండు చెంచాల పెరుగన్నం అతి కష్టం మీద మింగి, "యాప్‌లో రాయవే," అంది. రాశాను. ఈ రోజు మీ హద్దు దాటలేదు, శభాష్ అంటూ స్క్రీన్ మెరిసింది. ఫోన్ తిప్పేసే లోపే చూసేసింది.

"దీనికింకా నేను తగ్గాలనే ఉంది," అంది.

"రేపు హద్దు దాటిద్దాంలే అక్కయ్యా."

"పెరుగులో మీగడుంది. సరిగ్గా రాశావా?"

దిద్దాను. అంకె ఒక్క పిసరు పెరిగింది. దానికే కళ్ళు మూసుకుని తృప్తిగా తలాడించింది.

నీ శాస్త్రనిష్ఠకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను అక్కయ్యా. తప్పుని తప్పని మొహం మీదే చెప్పే మనిషి మాకిక లేదు. నువ్వున్నన్నాళ్ళూ నీ దగ్గర ఒప్పుకోని మాట ఒకటి ఇప్పుడు రాస్తున్నాను: నీ లెక్క సరిగ్గానే ఉంది. పాత వాచీ కూడా బాగానే పనిచేసింది.