మూతికి లైట్ పెట్టించుకున్న రోజు

టీ తాగండప్పా, చెప్తా. ఇప్పుడంటే నవ్వుకుంటాండాను గానీ, ఆ పొద్దు అనంతపురంలో స్కిన్ డాక్టర్ దగ్గర నా పరువంతా పోయింది!

రెండువేల సంవత్సరం దాటినాక, నాకు పెండ్లి కుదిరిన కొత్తలో మాట. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేస్తాండె. మానుతాయి, మళ్ళా ఆడనే వస్తాయి. మా బత్తలపల్లెలో అందరూ బల్లి తాకిందనేవాళ్ళు. డాక్టరేమో, "వైరస్సప్పా. లోపల్నే దాక్కోనుంటాది, పూర్తిగా పోదు. కొత్తగా లైట్ మిషన్ తెప్పించినా, తొందరగా మానుతాదేమో చూద్దాం" అన్నాడు.

ఆదివారం నిశ్చితార్థం. మూతి చూస్తే ఉబ్బిన బోండా! నాయనను తోడు పిల్చుకొని పోయినా.

సిస్టర్ నన్ను బల్ల మీద పండుకోబెట్టి, కండ్లకు నల్లద్దాలు పెట్టింది. ఏమీ కనపడదు. "నేనొచ్చేదాకా కదలొద్దన్నా" అనింది. మిషన్ గుయ్యిమనింది. కొంచేపటికి ఆ చప్పుడాగింది. ఇప్పుడు లోపలికి పని చేస్తాండాది కాబోలనుకున్నా! వేడి పెరిగింది. మొగమంతా చెమటలు. పెండ్లికూతుర్ని తలుచుకోని ఓర్చుకున్నా. అట్లే నిద్ర పట్టేసింది.

మెలకువొచ్చి, అద్దాలు నేనే తీసి బయటికొచ్చినా. పక్కనే కూచోనున్న నాయన తువ్వాల భుజాన వేసుకోని నా ఎనకే వచ్చినాడు. వరండా నిండా పేషెంట్లు.

"సిస్టర్! ఏం మిషనమ్మా ఇది! వేడి ఎముకల్లోకి దిగింది. మంట సగం తగ్గిపాయ!" అని అందరికీ వినబడేటట్టు చెప్పినా.

ఆయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. "అయ్యో అన్నా, నిన్ను మర్చేపోయినా! నువ్వు పండుకున్న కాసేపటికే కరెంటు పోయింది. ఇంకా రాలేదు."

వరండా అంతా గొల్లుమనింది! నా మూతిలోకి దిగిన వేడి పైన రేకులది!

"నాయనా, నీకు తెలుసునా?" అని కసిరినా.

"తెలుసు. లోపలికొచ్చి చూసినా. పెండ్లి కుదిరినకాన్నుంచి నీకు నిద్ర యాడుండాదిరా? గురక పెడతాంటివి, లేపబుద్ధి కాలేదు. ఈగలు వాలకుండా తువ్వాలతో విసురుతా కూచున్నా."

ఇప్పుడు నాయన లేడు. ఎంత ఏసీ వేసుకున్నా అంత నిద్ర మళ్ళా పట్టలేదు.

నిశ్చితార్థంలో ఆడపెండ్లివారు నా మూతి వైపే చూస్తాంటే, నాయన గొంతు సవరించుకోని, "మావోనికి టౌన్లో లైట్ ట్రీట్‌మెంట్ అయిందప్పా" అన్నాడు. వాళ్ళు నోళ్ళు తెరిచినారు. నేను గంభీరంగా తలాడించినా.

అంతే! ఇప్పటికీ మా అత్తగారి ఊర్లో ఎవరి పెదవి మీద పొక్కు లేచినా, ఆ లైట్ ఎట్లుంటాదని నన్నే అడుగుతారు. కండ్లు మూసుకొని పడుకున్నోణ్ణి, నేనెప్పుడు చూసినా దాన్ని!