అత్తమ్మతో చీనా చాయ్

మొన్న మా తమ్ముడి కూతురి పెళ్లిబట్టలకని జగిత్యాల వెళ్లి, దుకాణాలన్నీ తిరిగేసరికి మోకాళ్లు మొరాయించి, కాసేపు కూర్చుందామని పక్కనే కొత్తగా తెరిచిన చాయ్ దుకాణంలోకి నడిచాను. లోపల గోడ పొడుగునా గాజు సీసాలు, వాటి నిండా రకరకాల ఆకు. అక్కడున్న అమ్మాయి నా నెరిసిన జుట్టు చూసి, అవన్నీ చీనా దేశపు ఆకులని, వాటిలో పాలు పొయ్యరని, నాలాంటి పెద్దవాళ్లకు నచ్చవని ముందే జాలిపడింది. నేను ఒక సీసా మూత తీయించి, మిరియపు గింజల్లా ఉండచుట్టుకున్న ఆకును కొంచెం అరచేతిలో పోయించుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసనకు సిరిసిల్లలో మా ఇల్లు, నులకమంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మా అత్తమ్మ కళ్ల ముందుకొచ్చింది. ఆ పిల్లకు ఇదంతా చెబితే అర్థం కాదు, నా ఈడు వాళ్లకైతే అవుతుందని రాస్తున్నాను.

మా ఇంటి ముందు భాగమంతా మరమగ్గాలు, మా దగ్గర సాంచెలంటాం. వెనక రెండు గదుల్లో మేం ఉండేవాళ్లం. సాంచెలు నడుస్తున్నంతసేపూ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడదు, అన్నం తిన్నావా అని అడగాలన్నా నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపించుకోవాల్సిందే. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడే ఇల్లు సద్దుమణిగేది, అదే మాకు చాయ్ వేళ. నేను చిక్కగా, తియ్యగా చాయ్ పెట్టి తెస్తే అత్తమ్మ మంచం మీద కూర్చుని తాగేది, నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి తాగేదాన్ని. నిలబడమని నాకెవరూ చెప్పలేదు. అత్త మంచం మీద ఉంటే కోడలు ఎదురుగా కూర్చోదు, కోరుట్లలో మా అమ్మ కూడా అట్లాగే నిలబడేది, అంతే. చాయ్‌పత్తా ఎక్కువైందనో, అల్లం ఘాటు తగ్గిందనో అత్తమ్మ ఒక మాట అనేది, నేను సరేననేదాన్ని. మా ఇద్దరికీ రోజు మొత్తంలో ఉన్న ముచ్చట అదే, అయినా ఆ ఒక్క మాట కోసం నేను కరెంటు ఎప్పుడు పోతుందా అని చూసేదాన్నంటే నమ్మండి.

అత్తమ్మకు షుగరు వచ్చింది. ఆ వెనకే పాలు కూడా పడకుండా పోయాయి. డాక్టరు రెండూ మానెయ్యమన్నాడు. నల్ల చాయ్ చేసిస్తే ఒక గుటక తాగి, గ్లాసు పక్కన పెట్టేసి, మళ్లీ ముట్టలేదు. అన్నం కూడా సగానికి తగ్గించింది. కరెంటు పోయి ఇల్లు నిశ్శబ్దం కాగానే గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి నోరు విప్పి, "నన్ను రుద్రంగికి తోలుండ్రి. నా బిడ్డకాడ ఉంట. గీ ఇంట్ల నాకు చాయ్ గూడ లేకపాయె" అన్నది. రుద్రంగిలో మా ఆడబిడ్డ ఉంటుంది, మంచి మనిషి, రమ్మంటే కాదనదు. కోడలు అత్తను వెళ్లగొట్టిందని మా గల్లీలో అనుకుంటారన్న భయం నాకు కొంత ఉండేది గానీ, నిజం చెప్పాలంటే ఆమె లేని ఇంట్లో కరెంటు పోతే నేనెవరికి చాయ్ పెట్టాలి అనిపించేది. ఎట్లాగైనా ఆమె తాగే చాయ్ ఒకటి వెతకాలనుకున్నాను.

కోరుట్లలో మా పుట్టింటి వీధి మొగదల చాయ్‌పత్తా తూకానికి అమ్మే దుకాణం ఒకటుంది. మా నాన్న దోస్తు కొడుకుది, ఇంట్లో ఉర్దూ, బయట మనకన్నా కమ్మని తెలుగు. నన్ను చెల్లె అంటాడు, నేను భాయ్ అంటాను. పండుగకు పోయినప్పుడు ఆయన ముందు నా గోడంతా వెళ్లబోసుకుంటే, కాసేపు గడ్డం నిమురుకుని, "పాలు, చక్కెర లేకుండ తాగే చాయ్ ఉన్నది చెల్లె. చీనాల గట్లనే తాగుతరట. నేను ఎన్నడు అమ్మలె, నాకు గూడ తెల్వది. పట్నం నుంచి తెప్పిస్త, ఇద్దరం కలిసి నేర్సుకుందం" అన్నాడు. తెలియదని అంత హాయిగా చెప్పిన వ్యాపారిని నేను మళ్లీ చూడలేదు. ఎక్కువ కొనొద్దని, పరిచయంలేని ఆకు పిడికెడు చాలని, ముందు వాసన చూసి, ఆకు ముక్కలైందా నిండుగా ఉందా చూసి తీసుకోవాలని ఆయన కూడా పట్నంలో ఎవరినో అడిగి నేర్చుకుని నాకు చెప్పాడు. ఆయన తెప్పించి పొట్లాలు కట్టిచ్చిన ఆకుల చీనా పేర్లు మాకిద్దరికీ నోరు తిరక్క మేమే పేర్లు పెట్టుకున్నాం. బల్లపరుపుగా ఒత్తినట్టుండేది చపటాకు, తెల్లటి నూగుండేది నూగాకు, అచ్చుగట్టినట్టు గుండ్రంగా ఉండేది పిడకాకు, ఉండచుట్టుకున్నది ఉండాకు.

మొదట చపటాకుతో మొదలుపెట్టి, మా చాయ్ లాగానే నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాను. నీళ్లకు రంగు రాదే! ఇక్కడ మా అత్తమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆమె పుట్టిందీ మెట్టిందీ నూలుకు రంగులేసే ఇళ్లలో, సాంచెలు ఆ తర్వాత వచ్చాయి. మరగకుండా ఎక్కిన రంగు మొదటి ఉతుకులోనే పోతుందని చిన్ననాటి నుంచి చూసిన మనిషి. మంచం మీది నుంచే రంగొచ్చిందా అని అడుగుతూ ఇంకా మరగనీ, ఇంకా మరగనీ అంటూ పోయింది, నేనూ మరిగిస్తూ పోయాను. చివరికి ఆ నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి గానీ నోట్లో పెడితే వేపాకు కషాయమే నయం. భాయ్‌ని ఎవరో మోసం చేశారని నేను గొణుగుతుంటే, అత్తమ్మ లేచి, తెల్లనూలు పోగులు కొన్ని తెంపి ఆ గిన్నెలో ముంచి, పిండి, గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దొంగ సరుకు గాదే. రంగు కలపలేదు దీంట్ల. చేసుడే మనకు రాలే" అన్నది.

ఎన్నో రోజుల తర్వాత ఆమె గొంతులో పట్టుదల వినబడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే రుద్రంగి మాట మాత్రం విడవలేదు. బట్టల సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకుంది, సోమవారం వచ్చి తీసుకుపొమ్మని బిడ్డకు ఫోను చేయించింది. నేను ఉన్న పొట్లాలన్నీ ఒకటొకటిగా విప్పాను. మల్లెపూల వాసన వేసే ఆకును పూలు జడలో పెట్టుకోవాలి గానీ తాగుతారా అని పక్కకు నెట్టింది. పిడకాకు నుంచి తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తే, పొలం దున్నినట్టుందని ముక్కు మూసుకుంది. నూగాకు బాగానే ఉందేమో గానీ, ఆ నీళ్ల తెలుపు చూసి, కడుగు నీళ్లిచ్చావా అన్నది. మిగిలింది ఉండాకు ఒక్కటే.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను అలవాటు కొద్దీ గిన్నె పొయ్యి మీద పెట్టి ఆకు వెయ్యబోతుంటే వెనక నుంచి ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పుట్టింట్లో పట్టుకు కూడా రంగులేసేవాళ్లట, పట్టును నూలు లాగా మరిగిస్తే మెరుపు చచ్చిపోతుందట. "దించు. దీన్ని పట్టు తీరుగ సూడాలె" అన్నది. నీళ్లు దించి, చెంబులో ఆకు వేసి, పైనుంచి పోసి, మూత పెట్టి, కాసేపటికే చిన్న పింగాణీ కప్పులోకి వడకట్టి ఇచ్చాను. తేనెరంగు దిగింది. అత్తమ్మ ఒక గుటక తాగి, కప్పు దించకుండా అట్లాగే వాసన చూస్తూ కూర్చుంది. చెంబులో చూస్తే ఆ గింజలన్నీ విప్పుకుని, కాడలతో సహా నిండు ఆకులై తేలుతున్నాయి.

ఆ ఆకులో ఇంకోసారి నీళ్లు పొయ్యొచ్చని భాయ్ చెప్పి ఉన్నాడు. పోస్తే రెండో కప్పు మొదటిదానికన్నా బాగుంది. కానీ అది మన చాయ్ లాగా వంటింట్లో కాచి గ్లాసులో పోసి తెచ్చిచ్చే వస్తువు కాదు. నీళ్లు పోసిన వెంటనే వంపాలి, వంపిన వెంటనే తాగాలి, మళ్లీ పోయాలి. నేను వంటింటికీ మంచానికీ మధ్య సాంచెలో నాడె అటూ ఇటూ ఆడినట్టు తిరుగుతుంటే మూడో కప్పు సగం చల్లారిపోయింది. అత్తమ్మకు చిరాకొచ్చింది.

"ఎన్నిమాట్ల ఉరుకుతవే పిల్లా? నీళ్లు, చెంబు ఈడికే తే. నిలవడి పోస్తే ఒలుకుతయి, కూసో."

ఎక్కడ కూర్చోను? కింద చాప లేదు. నేను దిక్కులు చూస్తుంటే చాపుకున్న కాళ్లు ముడుచుకుని మంచం మీద నాకు జాగా ఇచ్చింది. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లినై, వాళ్లు పెద్దవాళ్లయ్యాక, మొదటిసారి మా అత్తమ్మ మంచం అంచున కూర్చున్నాను. కూర్చుని పోసినా నీళ్లు ఒలికాయి. ఆమె పట్టించుకోలేదు, కప్పు కప్పుకూ రంగు ఎట్లా పల్చబడుతుందో చూస్తూ, ఒకే బానలో మొదట ముంచిన నూలు చిలపకు ముదురు రంగు, తర్వాతిదానికి లేత రంగు ఎట్లా వచ్చేదో, ఆ లేత రంగే కావాలని ఎవరెవరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లో చెప్పుకుంటూ పోయింది. చివరికి కప్పు కింద పెట్టి, "మా అత్త కాడ నేను గూడ గుమ్మం పట్టుకునే నిలవడ్డ. సచ్చిందాక ఒక్కనాడు కూసోమనలె" అన్నది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు మా ఆడబిడ్డ ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది. అత్తమ్మ సంచి మంచం కిందే ఉంది. "నేను రాను. దీనికి ఇంక నీళ్లు పోసుడే సక్కగ రాదు, నేర్పాలె" అని బిడ్డకు కూడా ఒక కప్పు పోయించింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా మధ్యాహ్నాలు అట్లాగే గడిచాయి. కోరుట్ల బస్సులో ఎవరు వస్తున్నా భాయ్ ఒక పొట్లం పంపేవాడు, ఎట్లా ఉందో అత్తమ్మను ఫోనులో అడిగి మరీ తెలుసుకునేవాడు. ఆమె బతుకు కథంతా నేను విన్నది ఆ కప్పుల మీదే. చపటాకును కూడా చివరికి లొంగదీసింది, నీళ్లు కాస్త చల్లారనిచ్చి పోస్తే అదీ తియ్యగానే ఉంటుందని కనిపెట్టింది ఆమే. అంత పట్టున్న మనిషిని, కొత్తదాన్ని అంత మురిపెంగా నేర్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఇప్పుడు అత్తమ్మ లేదు, సాంచెలూ అమ్మేశాం, ఇల్లు పొద్దంతా నిశ్శబ్దంగానే ఉంటుంది. ఏ ఆకు కావాలన్నా నా కోడలు ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది. బంగారంలాంటి పిల్ల, పెళ్లయి వచ్చిన రోజే సోఫాలో నా పక్కన కాళ్లు మడుచుకుని కూర్చుంది, ఎదురుగా నిలబడటమంటే ఏమిటో దానికి తెలియదు, తెలియకపోవడమే మంచిది. కానీ ఇన్నేళ్లు నిలబడ్డాక ఒకరు కాళ్లు ముడుచుకుని జాగా ఇస్తే మనసుకు ఎట్లా ఉంటుందో ఆ పిల్లకు నేను ఎంత చెప్పినా చెప్పలేను. అన్నేళ్లు నిలబడటమంటే ఏమిటో తెలిసిన మనిషి అత్తమ్మ ఒక్కతే, ఆమెకేమో ఆ జాగా ఇచ్చినవాళ్లే లేరు.