దొర పాతర తెరిచిన రోజు

మొన్న నారాయణఖేడ్‌లో బస్సు కోసం నిలబడితే, పక్క గోదాములోంచి తడిసి ముక్కిన జొన్నల వాసన వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎండలోకి వెళ్లి నిలబడ్డాను.

ఆ వాసన నాకు మొదట తెలిసింది నిజాం కాలంలో. కల్హేర్ దాపున మా ఊరు, నేను చిన్నపిల్లను. పంటలు పండిన ఏళ్లలో ఎళ్ళమాస అనే అమావాస్య పండుగకు చేలోనే కూర్చుని, అనపగింజలూ కందిగింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జితో సజ్జరొట్టెలు తిని, మజ్జిగ కలిపిన అంబలి తాగేవాళ్లం. చిన్నమ్మ నర్సమ్మ పాట ఎత్తుకుంటే, చిన్నాయన మానయ్య నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని గట్లన్నీ తిప్పేవాడు. తర్వాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. చింతగింజలు వేయించుకుని, దొరికిన ఆకునల్లా ఉడకబెట్టుకుని తిన్నాం. గవ్వలాడే పిల్లలం ఆడే ఓపిక లేక గోడనీడన పడి ఉండేవాళ్లం. చిన్నమ్మకు పాలు ఎండిపోయి చంటిబిడ్డ పోయింది.

బిడ్డను పూడ్చిన మర్నాడే చిన్నమ్మ వాడలోని ఆడవాళ్లను వెంటేసుకుని దొర ఉండే గడీకి జొన్నలు అడగడానికి పోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ పోయాను.

“యాడున్నయే జొన్నలు? లెవీ కింద సర్కారోళ్లు పట్కపోయిన్రు,” అన్నాడు దొర, అరుగు మీంచి లేవకుండానే.

“కల్లంల పాతర నింపింది మేమే గద దొరా. మాకెర్కలేదా?” అంది చిన్నమ్మ.

దొర ముందు అలా మాట్లాడిన మనిషిని ఊరు అంతవరకు చూడలేదు. ఆమె వెనుదిరిగి కల్లం దారి పట్టింది. ఎవరూ పిలవకుండానే మగవాళ్లు గడ్డపారలతో వచ్చి కలిశారు. కావలివాళ్లు కర్రలు దించి పక్కకు తప్పుకున్నారు. ఇక ఆకలి తీరిపోయిందనుకుని పిల్లలం గంతులు వేశాం.

పాతరంటే గింజలు నిలవచేయడానికి నేలలో బావిలా తవ్విన గొయ్యి. నోటి మీది బండ జరపగానే వేడి ఆవిరి ఎగదన్నింది.

“జర ఆగుర్రి, లోపలి గాలి పోనియ్యుర్రి,” అన్నాడు ఒక ముసలాయన.

“ఇంకెన్నొద్దులు ఆగాలె తాతా?” అంటూ చిన్నాయన తాడు నడుముకు కట్టుకుని దిగాడు.

ఒక గంప పైకొచ్చింది. మళ్లీ గంప దించితే కింద ఉలుకూ పలుకూ లేదు. ఆలస్యంగా పైకి లాగిన చిన్నాయనలో ప్రాణం లేదు. పైకొచ్చిన గంపలో జొన్నలు నల్లగా ముద్దకట్టి, ముక్కిన వాసన కొడుతున్నాయి.

చిన్నమ్మ పిడికెడు తీసి చూసింది. “ముక్కబెట్టుకుండు గని మనకియ్యలే,” అంది.

ఆ గింజలనే జనం కొంగుల్లో నింపుకున్నారు. శవం వాకిట్లో ఉండగానే అమ్మ వాటిని కడిగి, ఎండబోసి, తిరగలిలో విసిరి రొట్టెలు చేసింది. చేదు. అందరం తిన్నాం. చిన్నమ్మ కూడా తింది.

తెల్లారి గుర్రాల మీద జవాన్లు వచ్చారు. మగవాళ్లను కొట్టి, చిన్నమ్మను బండి వెనక కట్టి తీసుకుపోయారు. ముందురోజు గడ్డపారలు పట్టినవాళ్లు తలుపుల వెనక నిలబడి చూశారు. మళ్లీ పంట వచ్చినప్పుడు ఆ పాతరను వెట్టికి మా చేతనే నింపించారు. చిన్నమ్మ తిరిగొచ్చింది గానీ, ఎవరితోనూ మాట్లాడకుండానే కన్నుమూసింది.

ఇప్పుడు గడీ లేదు, కల్లం మీద పత్తి వేశారు. పాతరంటే ఏమిటో పిల్లలకు తెలియదు. నర్సమ్మ అంటే ఎవరని అడుగుతారు. అలా అడిగేవాళ్లూ చెరుకు కొట్టడానికి వలసపోయారు, సగం ఇళ్లకు తాళాలే.