కీ మూతిలో చందనం

సత్రపట్టి రోడ్డులోని మా సర్జికల్ గుడ్డ సంఘంలో ప్రతి లాటుకూ, అంటే ఒక్కో విడత సరుకుకూ, పరీక్ష ఫలితాన్ని బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటరు ఖాతాలో ఎక్కిస్తాము. ఎక్కినదాన్ని ఎవరూ చెరపలేరు. తప్పు ఎక్కితే మాత్రం, ఐదుగురు పెద్దలలో ముగ్గురు తమ కీలను కంప్యూటరుకు తగిలించి ఆ లాటు విడుదలను ఆపవచ్చు. కీ అంటే వేలెడంత పరికరం. నాది ఇనప్పెట్టెలో ఉండేది. ఆయుధపూజనాడు దాన్ని కత్తెరల పక్కన పళ్ళెంలో పెట్టి, చందనం, కుంకుమ అద్ది, తిరిగి పెట్టెలో భద్రపరిచేవాణ్ణి. సంఘం దస్త్రంలో "కీలు సక్రమం" అని రాసేవాణ్ణి. మంటలార్పే బకెట్లలో ఇసుక తగ్గితే అందరి మీదా కేకలేసేదీ నేనే.

ఈ ఏడు ఒక ఉదయం, ప్యాకింగు చూసే మా తమ్ముడి కోడలు పరుగున వచ్చింది.

"పెద్దమామా, స్టెరిలైజ్ కాని లాటు పాస్ అని ఎక్కిపోయింది. లారీ ఆస్పత్రికి చేరింది. ఇద్దరు కీ వేసినారు, ఇంకో ఇద్దరు ఊళ్ళో లేరు. మీదే కావాల, సీక్రం రండి!"

"ముందు ఆస్పత్రికి ఫోను చేయకూడదా?"

"చేసినాను. ‘చెయిన్‌లో పాస్ అని ఉండాది. ఫోనులో ఎవరు చెప్పినా వినకూడదని రూలు పెట్టింది మీ పెద్దమామే కదా’ అనినాడు ఆస్పత్రి స్టోరాయన."

వెళ్ళి తగిలించాను. కీ మీది దీపం వెలగలేదు. కీ మూతిలో చందనం రాయిలా గట్టిపడి ఉంది.

"ఎవరు పూసినారు దీనికి?" అని గర్జించాను.

"మీరే మామా. నేను కీ డబ్బాకు పెడతానంటే, ‘ఆయుధాన్ని వదిలి డబ్బాకు పూజా?’ అని కసిరినారు. అంత చందనం పూస్తే చల్లగా నిద్రపోదా అది?"

గుడ్డ మడిచే ఆడవాళ్ళు నవ్వు దాచుకున్నారు. ఆ గుడ్డ ఎవరి పచ్చి కోత మీద పడుతుందో అని తలచుకుంటూ సూది తీసుకొని గీకసాగాను. కోడలు టార్చి పట్టుకుంది. ఎంతసేపటికో పచ్చ దీపం వెలిగింది. లాటు ఆగింది.

కట్టలు విప్పకముందే ఆగిందని స్టోరాయన నాకే ఫోను చేసి, మా ఏర్పాటును తెగ మెచ్చుకున్నాడు. వింటూ, కుంకుమ అంటి ఎర్రబడిన గోళ్ళను పంచెకు తుడుచుకున్నాను.

"రక్షణ ఏర్పాటు పనిచేసిందని రాసేయండన్నా" అన్నాడు సంఘం కార్యదర్శి.

"చందనం గీకిన తరువాత పనిచేసింది" అని రాసి, సభలో బిగ్గరగా చదివాను.

ఇప్పుడు ప్రతి అమావాస్యకూ ఒక ఉత్తుత్తి లాటు ఎక్కించి, దాన్ని ఆపి చూస్తున్నాము. నా వంతు రాగానే కోడలు ముందుగా కీ మూతిలోకి టార్చి వేసి చూస్తుంది. నేను తల వంచుకొని పక్కన నిలబడతాను.