రెండు బాకాలు, నాలుగు గ్యాసు లైట్లు

నా పెండ్లికి మైకుసెట్టూ లైట్లూ మాట్లాడిన ముచ్చట ఎప్పుడెత్తినా మా ఇంట్లో నవ్వుతారు. ఆ వారం మాత్రం నాకు నవ్వు రాలేదు. కాలు ఒక్కచోట నిలవలేదు.

అరవైల మొదట్లో సంగతి. మాది నల్లగొండ. మా బాపు మగ్గం వదిలి చిన్న బట్టల దుకాణం పెట్టుకున్నాడు. నన్ను హైదరాబాదులో కాలేజీ చదివించాడు, ఆ మాట దుకాణం గడప తొక్కిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాడు. సంబంధం కోస్గి వాళ్లది. పిల్లవాడు మా నల్లగొండ కచేరీలోనే గుమాస్తా. తోటి ఉద్యోగులు వస్తారు గనుక పెండ్లినాటి సాయంత్రం రిసెప్షన్ పెట్టాలని అడిగారు. ఇద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి వచ్చినవాళ్లంతా వరసగా చూసిపోయే ఆ పద్ధతి మా వీధికి కొత్త.

చిక్కంతా ఆ చూసిపోవడంతోనే. చిన్నప్పుడు నాకు తల్లి పోసింది, అదే మశూచి. ప్రాణం మిగిలింది గాని చెంపల నిండా, నుదుటి నిండా గుంటలు పడ్డాయి. పిల్లను చూడడానికి వాళ్లు వచ్చినరోజు మా మేనత్త పొద్దు గూకేదాకా వాళ్లను మాటల్లో పెట్టి, ఒక్క కందీలు వెలిగించి, అది నా వీపు వెనక పెట్టింది. పిల్ల ఎంత అణకువగా తల వంచుకుందో అని వాళ్లు మెచ్చుకున్నారట. నా మెడ వంచింది మేనత్త చెయ్యి.

ఇప్పుడు రిసెప్షన్‌కు కూడా ఆవిడ ఉపాయం సిద్ధంగా ఉంది.

"గులాబీ రంగు బల్బులు కట్టిద్దం తమ్మీ. కండ్లకు సల్లగుంటది," అంది బాపుతో.

"ఎవల కండ్లకు?" అన్నాను.

"నువ్వు నోర్మూసుకో. పెండ్లిపిల్లవు."

"తెల్లారి వాళ్లింట్ల ఎండ రాదా అత్తా? సూర్యునికి గూడ గులాబీ కాయితం సుట్టొస్తవా?"

"చదివిచ్చినవ్ గద, అనుభవించు!" అని ఆవిడ బాపు మీద పడింది. బాపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. సంబంధం తప్పిపోతే నాకు మరొకటి రాదని ఆయన భయం. తాళి కట్టాక నా ముఖం చూసి ఎవడైనా మోసపోయానంటే ఆ ఇంట్లో నేనెట్లా బతకాలన్నది నా భయం. చూసేదేదో ముందే చూడాలి. కాదనేదైతే ముందే కాదనాలి.

మైకు మాట్లాడడానికి పిల్లవాడూ, వాళ్ల అక్క భర్తా మైకులు అద్దెకిచ్చే దుకాణానికి వస్తున్నారని తెలిసింది. రికార్డులు నేను ఎంచుతానని పట్టుబట్టి బాపు వెంట నడిచాను. రికార్డుల కోసం రాలేదని బాపుకూ తెలుసు.

పొడుగ్గా, చీకటిగా ఉన్న దుకాణం. పైన దూలానికి మైకు బాకాలు వేలాడుతున్నాయి. వాళ్లిద్దరూ అప్పటికే ఉన్నారు. నేను తల మీద కొంగు లాక్కుని నిలబడ్డాను. "గ్యాసు లైటు ఒకటి ముట్టిచ్చి సూపియ్యి," అన్నాను దుకాణదారుతో. ఆయన గాలి కొట్టాడు. పసుపుగా రేగిన మంట కాసేపటికి తెల్లగా మారి బుస్సుమంది. పోయి దాని పక్కన నిలబడి కొంగు తీసేశాను.

ఆ బావ నన్నొకసారి చూసి చప్పున బాకాల వైపు తల ఎత్తాడు. పిల్లవాడు మాత్రం చూస్తూనే ఉన్నాడు. ఏమనుకుంటున్నాడో తెలియలేదు. చివరికి లైటు వైపు తిరిగాడు. నాకు ఊరుకుంటే పిచ్చెక్కేటట్టుంది. ఊరుకోలేనప్పుడు నేను పోట్లాట పెట్టుకుంటాను.

"మా వీధికి రెండు బాకాలెందుకు? ఒక్కటి సాలదా?" అన్నాను, అతని ఎడమ పక్కకు పోయి నిలబడి.

అతను పలకలేదు. బావ అందుకున్నాడు: "రెండుండాలె. మోతుంటెనే పెండ్లి."

"నేనడిగింది ఆయన్ని. నాకు జవాబు చెప్తె నామోషా?"

అప్పుడూ పలకలేదు. ఒళ్లు మండిపోయింది. ఇంతలో అతని కుడిపక్క నుంచి దుకాణదారు మెల్లగా, "బ్యాటరీ మీద నడిపిద్దమా సారూ?" అంటే అతను ఠక్కున తిరిగి, "కరెంటు పోతదంటె గట్లనే చెయ్యి," అన్నాడు. నేను లైటు చుట్టూ తిరిగి దుకాణదారు పక్కకు పోయాను. ఈసారి గొంతు తగ్గించి అదే మాట అడిగాను.

"రెండు బాకాలు నాకొద్దు," అన్నాడు. "మా బావకు ఆయన ఫికర్ ఆయనకుంది."

బావ ముఖం నల్లబడింది. పొద్దున గులాబీ బల్బుల మాట వచ్చినప్పుడు మా బాపు ముఖం కూడా అట్లాగే ఉంది. ఎడమ చెవి! అతనికి అటువైపు వినపడదు. రెండు బాకాల మోతలో అందరం సమానంగా చెవిటివాళ్లమే, ఎవరు పలకలేదని ఎవరడుగుతారు?

"ఇంటికి వోయి మాట్లాడుకుంటం మామా," అని మా బాపుతో చెప్పి బావ అతన్ని రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

"ఇప్పుడు సల్లగుందా బిడ్డా నీ పానం?" అన్నాడు బాపు దారిలో.

"లేదు బాపూ," అన్నాను. నిజంగానే లేదు.

తర్వాత కబురు లేదు. ఇంట్లో తిరిగినచోటే తిరిగాను. మేనత్త శపించని పూట లేదు. చెవి సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెబితే ఆవిడ దాన్ని కత్తిలా పట్టుకుని కోస్గి దాకా పోయేది. కత్తి చూపించి తెచ్చుకునే మొగుడు నాకక్కర్లేదు. నా ముఖం చూసి వస్తే రావాలి.

బావ ఒక్కడే వచ్చాడు. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు.

"మామా, లైట్ల సంగతి ఆ పిల్లకే ఇడిసిపెట్టమన్నడు మావోడు. ఎన్ని పెట్టుకుంటె అన్ని. బాకాలు మాత్రం రెండు. గది నా మాట."

నేను తలుపు చాటునుంచి, "మూడైనా పెట్టుకో అన్నా," అన్నాను.

నాలుగు గ్యాసు లైట్లు పెట్టించాను, నాలుగూ కుర్చీల ముందరే. వచ్చిన ఆడవాళ్లు నన్ను చూసి ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. బాకాల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. బావ పంతం నాకూ పనికొచ్చిందని అప్పుడు తెలిసింది.

కూర్చోబోతుంటే మేనత్త ఉరికొచ్చింది. "ఎడమ దిక్కు కూసో! పెండ్లాం జాగా అదే!"

"ఆ కుర్సీ కాలు ఊగుతాంది," అని అతని కుడివైపు కూర్చున్నాను. ఆవిడ వంగి కుర్చీ కాళ్లు నాలుగూ ఊపి చూసింది. ఒక్కటీ ఊగలేదు.

అతను నావైపు తిరిగి, "ఇటెందుకొచ్చినవ్?" అన్నాడు.

"పోట్లాడాలంటె ఇనబడాలె గద."

కాసేపు నన్నే చూశాడు, ఆ తెల్లటి వెలుతురులో, దగ్గర్నుంచి. నా మెడ వంచడానికి ఈసారి ఎవరి చెయ్యీ లేదు. అతను నవ్వాడు. నేను వెంటనే ఆ బాకాలు జర తగ్గించమని చెప్పు అన్నాను. బావ నొచ్చుకుంటాడన్నాడతను. మా మొదటి పోట్లాట ఆ కుర్చీల్లోనే మొదలై, దండలు వేయడానికి వచ్చినవాళ్లను కాసేపు నిలబెట్టేసింది.