మధ్యలో నిలబెట్టిన ముల్లు

ఒక మనిషికి తన కళ్ల మీద ఉన్న నమ్మకాన్ని నేను పోగొట్టాను. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వనపర్తిలో నాకు కార్ల షెడ్డు ఉండేది. ఆత్మకూరు నుంచి బుచ్చన్న తన పాత తెల్లకారు తెచ్చేవాడు. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. వయసులో నాకంటే చాలా పెద్ద. బండిని ఎన్నడూ దేనికీ తగిలించలేదని ఆయనకు గర్వం.

ఆ కారుదొక పీడ. ఇంజిన్ చల్లగానే ఉండేది, టెంపరేచర్ మీటర్ ముల్లు మాత్రం ఉన్నట్టుండి ఎర్రగీత మీదికి ఎగిరేది. ఇంజిన్ దగ్గరి సెన్సర్ మార్చాను. మళ్లీ ఎగిరింది. మీటరే మార్చాను. మళ్లీ! చివరికి ముల్లు ఎగిరి ఉన్నప్పుడు సెన్సర్ వైరు ఊడదీసి చూశాను. అయినా దిగలేదు. అంటే మధ్యలో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. జబ్బు తెలిసిపోయింది. కొత్త వైరు లాగితే సరిపోయేది, ఒక పూట పని. ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు, షెడ్డు ముందు బండ్ల వరుస. ఆ కారు హారన్ వింటేనే నాకు ఒళ్లు మండేది. ఆ పూట నేను ఆయనకివ్వలేదు.

ఏం చేశానో తెలుసా? రేడియోల్లో వాడే చిన్న రెసిస్టర్ ఒకటి మీటర్ వెనక బిగించి, ఇంజిన్‌తో సంబంధమే లేకుండా ముల్లు ఎప్పుడూ మధ్యలో నిలబడేలా చేశాను. "ఇగ ఎగరదన్నా" అన్నాను. అబద్ధం కాదు కదా? నిజంగానే ఎగరదు. ఇంత దిక్కుమాలిన తెలివి నాకెక్కడినుంచి వచ్చింది?

పెళ్లివాళ్లను ఎక్కించుకుని గద్వాలకు వెళ్తుంటే, జూరాల డ్యామ్ దాటాక రేడియేటర్ పైపు పగిలింది. నీళ్లన్నీ కారిపోయాయి. ముల్లు మధ్యలోనే ఉంది. ఆయన దాన్ని నమ్మి నడిపాడు. వేడికి ఇంజిన్ పట్టేసి బండి ఆగిపోయింది. పెళ్లికూతురు నడిరోడ్డు మీద ఎండలో నిలబడింది. అందరూ ఆయన్నే తిట్టారు.

కొన్నాళ్లకు బస్సులో వచ్చాడు. తగాదాకు కాదు, అడగడానికి.

"తమ్మీ, నేనైతే ముల్లు సూస్తనే ఉన్న. నడుమనే ఉండె. మా పోరగాండ్లు నీకు కండ్లు కనబడ్తలేవంటున్నరు. నువ్వు జెప్పు, గట్ల ముల్లు నడుమనే ఉండి ఇంజిన్ కాలుతదా?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉంటుందా? నోటిదాకా వచ్చింది. షెడ్డులో వేరే గిరాకీలు నిలబడి వింటున్నారు.

"కాలదన్నా. ఎండల సరిగ్గ కనబడి ఉండదు. వయసైంది గద."

"అంతేనేమో" అని లేచి వెళ్లిపోయాడు.

ముల్లు పని చిరాకులో చేశాను, సరే. ఈ మాట ఏ చిరాకులో అన్నాను? ఆయన కర్నూలు దవాఖానాలో కళ్లు చూపించుకున్నాడట. బాగానే ఉన్నాయన్నారట. దాంతో లోపం కళ్లలో కాదు, బుర్రలోనే ఉందని నిశ్చయించుకున్నాడు. కారు అమ్మేశాడు. తర్వాత సైకిల్ కూడా ముట్టలేదు. రోడ్డు దాటాలన్నా ఎవరినో ఒకరిని చెయ్యి పట్టుకోమనేవాడని విన్నాను. ఆత్మకూరు ఎంత దూరమని? ఎన్నిసార్లు బస్సెక్కబోయి ఆగిపోయానో! ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పెట్టుకున్నాను. నా మీద నాకే విసుగు.

ఆయన పోయాడు. ఆ మధ్య ఒక పెళ్లి భోజనాల్లో బుచ్చన్న కొడుకు ఆ కథను నవ్వుతూ చెప్పాడు. "మా నాయనకు ముల్లు ఏడున్నదో గూడ తెల్వకపాయె." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ముల్లు మధ్యలోనే ఉంది. బుచ్చన్న సరిగ్గానే చూశాడు. ఈ మాట పైకి అనడం నాకిదే మొదటిసారి. అనవలసిన మనిషితో అనలేదు. అయినా అన్నాను.